పలక మీంచి మరుగు నీళ్లలోకి

ఎడమ చేతిలో పిడి ఉన్న చిన్న చెక్క పలక. దాని మీద అట్టు మందాన పరిచిన పసుపుపచ్చటి ముద్దపిండి. కుడి చేతిలో చదునైన రేకు. పొయ్యి మీద పెద్ద గిన్నెలో ఉప్పునీళ్లు తెర్లుతుంటాయి. పలక కొసను ఆ నీళ్ల మీదికి వంచి, అంచున ఉన్న పిండిని రేకుతో సన్నగా కోసి లోపలికి నెట్టేస్తారు. మళ్లీ కోత, మళ్లీ నెట్టు. చెయ్యి తిరిగినవాళ్లకు నిమిషంలో పలక ఖాళీ అవుతుంది. నీళ్లలో పడ్డ పోగులు మునిగి కాసేపు కనిపించవు. ఆ తర్వాత ఒకటొకటిగా పైకి తేలతాయి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఒకదానికి నడుము లావు, ఇంకోదానికి తోక సన్నం. ఏ రెండూ ఒక్కలా ఉండవు.

వీటి పేరు ష్పెట్స్‌లె. జర్మనీ నైరుతి మూలన, స్టుట్‌గార్ట్ నగరం చుట్టూ ఉన్న ష్వాబియా ప్రాంతపు వంట. గోధుమపిండి, కోడిగుడ్లు, ఉప్పు, కాసిని నీళ్లు. సరుకంతా ఇంతే. కర్రతో ఒత్తే పని లేదు, ఎండబెట్టే పని లేదు. పిండి కలిపిన గంటలో కంచంలోకి వచ్చేస్తుంది. దీన్ని నూడుల్స్ అనాలో, ఉడికించిన పిండిముద్దలు అనాలో బయటివాళ్లు తేల్చుకోలేరు. ష్వాబియా వాళ్లకు ఆ సందేహమే లేదు. ఇంట్లో అన్నం వండారా అని మనం అడిగినంత సహజంగా వాళ్లు ష్పెట్స్‌లె ఉందా అని అడుగుతారు.

జర్మన్‌లో ‘ష్పాట్స్’ అంటే పిచ్చుక. ష్వాబియా యాసలో మాట చివర ‘లె’ చేరిస్తే చిన్నది, ముద్దొచ్చేది అని అర్థం. అలా చూస్తే ష్పెట్స్‌లె అంటే చిట్టి పిచ్చుకలు. గుప్పిట్లో పట్టిన తడిపిండి పిచ్చుకలా కనిపించడం వల్ల ఆ పేరు వచ్చిందని ఒక వివరణ. ముక్కలు చెయ్యడమనే అర్థమున్న ఇటాలియన్ మాట నుంచి వచ్చిందని ఇంకో వాదం. జనం నోట మాత్రం పిచ్చుకే నిలిచింది. ఇదే పిండిని పోగులుగా కాకుండా బొట్లుబొట్లుగా నీళ్లలో రాలిస్తే ‘క్నొప్ఫ్‌లె’ అంటారు, అంటే చిన్న గుండీలు. 1725లోనే వూర్టెంబెర్గ్ రాజవైద్యుడు రొసినో లెంటిలియో ఈ రెండు మాటలనూ గ్రంథస్థం చేశాడు. పిండితో చేసేవన్నీ వీటి కిందికే వస్తాయని ఆయన అర్థం రాశాడు. అంటే మూడు వందల ఏళ్ల కిందటే ఆ ప్రాంతంలో పిండివంట అనగానే ఇవే గుర్తొచ్చేవి.

పిండికి అంత ప్రాధాన్యం ఎందుకు వచ్చిందో ఆ నేల చెబుతుంది. స్టుట్‌గార్ట్‌కు దక్షిణాన ‘ష్వాబియన్ ఆల్బ్’ అనే సున్నపురాయి పీఠభూమి ఉంది. పైన మట్టి పలుచన, కింద రాయి. వాన పడితే నీరు రాతి నెర్రెల్లోంచి దిగిపోతుంది తప్ప పైన నిలవదు. పీఠభూమి మీది ఊళ్లవాళ్లు ఇళ్ల కప్పుల మీది వాననీటిని తొట్లలో పట్టుకుని, గుంటల్లో నిలవ చేసుకుని బతికారు. కింది లోయల నుంచి పంపులతో నీళ్లు పైకెక్కించే పథకం 1870లలో గాని మొదలు కాలేదు. అలాంటి చోట ఓపిగ్గా పండిన ధాన్యం ‘డింకెల్’. గోధుమకు పాత చుట్టం, ఒంటి మీద పొట్టు గట్టిగా అంటిపెట్టుకుని ఉండే రకం. దాని పిండిలో జిగట మాంసకృత్తులు బాగా ఉంటాయి. చేతికి గుడ్లు చాలని రోజుల్లో కూడా ఆ జిగురు వల్లే ముద్ద విడిపోకుండా నిలిచేది.

కరువు కూడా ఆ నేలకు కొత్త కాదు. 1815 ఏప్రిల్‌లో ఇండోనేసియాలో తంబోరా అగ్నిపర్వతం బద్దలైంది. ఆ ధూళి ఆకాశాన్ని కప్పడంతో మరుసటి ఏడాది యూరప్‌కు ఎండాకాలమే రాలేదు. వూర్టెంబెర్గ్‌లో పంటలు కుళ్లిపోయాయి. జనం ఆకలితో అల్లాడారు, వేలమంది వలసపోయారు. కరువు గడిచాక 1818లో రాజు మొదటి విల్హెల్మ్ హోహెన్‌హైమ్‌లో వ్యవసాయ విద్యాలయం పెట్టించాడు, కాన్‌స్టాట్‌లో రైతుల సంబరం ప్రారంభించాడు. ఆ విద్యాలయం నేడు విశ్వవిద్యాలయం. ఆ సంబరం ఇప్పటికీ ఏటా శరత్కాలంలో స్టుట్‌గార్ట్‌లో జరుగుతుంది. పిండిని ఎంత గౌరవంగా చూడాలో ఆకలి తెలిసినవాళ్లకే తెలుస్తుంది. ష్పెట్స్‌లె అలాంటి ఇళ్లలో పెరిగిన వంట. గుడ్డు పడితే పండగ పూట, పడకపోతే మామూలు పూట.

ఇప్పుడు దీనికి యూరోపియన్ యూనియన్ రక్షణ ఉంది. 2012లో ‘ష్వాబియన్ ష్పెట్స్‌లె’, ‘ష్వాబియన్ క్నొప్ఫ్‌లె’ పేర్లకు భౌగోళిక గుర్తింపు ఇచ్చారు. బాడెన్-వూర్టెంబెర్గ్ రాష్ట్రంలోనూ, బవేరియాలోని ష్వాబియా జిల్లాల్లోనూ తయారైనవే ఆ పేరుతో అమ్మాలి. తిరుపతి లడ్డుకు, హైదరాబాద్ హలీమ్‌కు మన దగ్గర ఇచ్చిన గుర్తింపు లాంటిదే ఇది. దుకాణాల్లో ప్యాకెట్లు దొరుకుతాయి, ఫ్రిజ్‌లో పెట్టినవి దొరుకుతాయి. అయినా చేత్తో కోసిన దానికి, యంత్రం నుంచి వచ్చిన దానికి తేడా నోట్లో పెట్టుకోగానే తెలుస్తుంది. ఇంటి ష్పెట్స్‌లె గరుకుగా, ఒంకరటింకరగా ఉంటుంది. ఆ గరుకుదనానికే పులుసు పట్టుకుంటుంది. నున్నటి దాని మీంచి పులుసు జారి కంచం అడుగుకు చేరుతుంది. దీని రుచిలో సగం దాని ఒంకరలోనే ఉంది. అందుకే ఇంట్లో చేసుకోవడమే దీనికి న్యాయం.

పైగా ఇది అందరి ఇంట్లోనూ అయ్యే పనే.

నలుగురికి 400 గ్రాముల మైదా, ఐదు గుడ్లు, ఒక చెంచా ఉప్పు, సుమారు 100 మిల్లీలీటర్ల నీళ్లు. ష్వాబియా వంటిళ్లలో ఇంతకంటే సులువైన లెక్క ఒకటుంది. తినేవాళ్లు ఎంతమందో అన్ని గుడ్లు, పైన ఇంకొకటి. జర్మనీలో దీనికోసం కాస్త బరక పిండి ప్రత్యేకంగా అమ్ముతారు. వేళ్ల మధ్య రుద్దితే సన్న రవ్వలా తగులుతుంది. నీటిని నెమ్మదిగా తాగుతుంది, ఉండలు కట్టదు. మన దగ్గర అది దొరక్కపోతే మూడు పాళ్లు మైదా, ఒక పాలు సన్న రవ్వ కలిపితే దగ్గరి గుణం వస్తుంది. చపాతీ పిండితో కూడా చెయ్యవచ్చు గాని అందులోని తవుడు నీళ్లు ఎక్కువ పీల్చుకుంటుంది, ముక్క కాస్త బరువుగా వస్తుంది. ఆ రుచి నచ్చేవాళ్లూ ఉన్నారు.

నీళ్లు ఒక్కసారిగా పొయ్యకూడదు. గుడ్లలోనే ముప్పాతిక వంతు నీరు ఉంటుంది. గుడ్డు పెద్దదైతే పిండి పలచబడుతుంది, చిన్నదైతే గట్టిపడుతుంది. అందుకే ముందు గుడ్లు కలిపి, పదును చూసుకుంటూ నీళ్లు చేర్చాలి. కొందరు మామూలు నీళ్లకు బదులు సోడానీళ్లు పోస్తారు. అందులోని గాలిబుడగల వల్ల ముక్క తేలిగ్గా వస్తుందని వాళ్ల నమ్మకం.

ఇక అసలు పని, పిండిని కొట్టడం. కలపడం అనే మాట ఇక్కడ చాలదు. ష్వాబియా అమ్మమ్మలు మధ్యలో రంధ్రం ఉన్న చెక్క గరిటె వాడతారు. గిన్నెను ఒడిలో ఒడుపుగా పట్టుకుని, పిండిని అడుగు నుంచి పైకి లాగి కిందికి కొడతారు. గరిటె రంధ్రంలోంచి పిండి సాగి దూరిన ప్రతిసారీ కాస్త గాలి లోపల చిక్కుకుంటుంది. గారెల పిండి రుబ్బేటప్పుడు గాలి పట్టాలని మన ఇళ్లలో చేత్తో గిలకొడతారు కదా, ఆ ఒడుపే ఇది. ఐదు నిమిషాలకు చెయ్యి నొప్పెడుతుంది. అప్పటికి పిండి మెరుపు తేలుతుంది. ఇంకా కొడితే పైన బుడగలు లేచి పగులుతాయి. పిండి బుడగలు వేసిందంటే సిద్ధమైనట్టే అంటారు అక్కడ. గడియారం చూడరు, కొలత చూడరు, బుడగ చూస్తారు.

లోపల జరిగేది ఇది. గోధుమలోని రెండు రకాల మాంసకృత్తులు నీటితో కలిసి కొట్టుడుకు పెనవేసుకుని గ్లూటెన్ అనే సాగే వల అల్లుకుంటాయి. ఆ వలలో పిండి రేణువులు, గాలిబుడగలు చిక్కుకుంటాయి. మరుగు నీళ్లలో పడగానే గుడ్డులోని మాంసకృత్తులు గట్టిపడి ఆ అల్లికకు రాటలా నిలబడతాయి. పచ్చసొనలోని కొవ్వు ముక్కను మెత్తగా ఉంచుతుంది. గుడ్డు తక్కువైతే ముక్క జిగురుగా ఉంటుంది. కొట్టడం తక్కువైతే నీళ్లలో పడగానే చెదిరి నీళ్లు గంజి అవుతాయి.

కొట్టిన పిండిని మూతపెట్టి 20 నిమిషాలు వదిలెయ్యాలి. పిండి రేణువులు నీళ్లు పూర్తిగా తాగేది ఈ వ్యవధిలోనే. బిగుసుకున్న గ్లూటెన్ కూడా ఇప్పుడే కాస్త వదులవుతుంది. తొందరపడి వెంటనే పలక మీద పరిస్తే పిండి రబ్బరులా వెనక్కి లాక్కుపోతుంది. పదును ఎలా ఉండాలంటే, గరిటె పైకెత్తితే పిండి ధారగా కారిపోకూడదు, ముద్దలా ధబ్బున పడిపోకూడదు. బరువుగా సాగి, తాడులా వేలాడి, కాసేపటికి తెగాలి. ఇడ్లీ పిండి కంటే చిక్కన, పూరీ పిండి కంటే ఎంతో పలుచన.

పలక లేకపోయినా ఇబ్బంది లేదు. అంచు పలుచగా ఉన్న కూరగాయల చెక్క, ఒక అట్లకాడ చాలు. రెండింటినీ ముందు మరుగు నీళ్లలో ముంచి తీయాలి. తడి లేకపోతే పిండి చెక్కను వదలదు. రెండు పెద్ద చెంచాల పిండిని చెక్క కొసన పల్చగా పరవాలి. అంచు దగ్గర నుంచి అట్లకాడతో వీలైనంత సన్నగా తెంపి నీళ్లలోకి జార్చాలి. నాలుగైదు కోతలకొకసారి అట్లకాడను మళ్లీ తడపాలి. మొదటి పలక ముక్కలు వేలంత లావు వస్తాయి. మూడో పలకకు పెన్సిలంత అవుతాయి. తర్వాత ఎప్పుడో ఒక రోజు చేతికి ఆ లయ పట్టుబడుతుంది. అప్పుడు పోగులు సన్నగా, వరసగా, తమంత తామే దూకుతున్నట్టు పడతాయి. ఒకప్పుడు ష్వాబియాలో పెళ్లీడు పిల్లకు ఈ పని వచ్చా అని చూసేవాళ్లట. వంట భారం ఆడపిల్లల మీదే వేసిన కాలం అది. ఇప్పుడు ఆ పలక పట్టుకునే మగవాళ్లకూ కొదవ లేదు.

పలక అంటే భయపడేవాళ్ల కోసం పనిముట్లు పుట్టాయి. వాటిలో ఒకటి తెలుగు ఇళ్లకు కొత్తది కానే కాదు. ష్పెట్స్‌లె ప్రెస్ అని అమ్మేది అచ్చంగా మన జంతికల గొట్టానికి చుట్టం. గొట్టంలో పిండి నింపి, పైనుంచి నొక్కితే అడుగు చిల్లుల్లోంచి తీగలు దిగుతాయి. తేడా ఒక్కటే, మన తీగలు నూనెలో పడతాయి, వాళ్లవి నీళ్లలో. కారప్పూస బిళ్ల కన్నా కాస్త పెద్ద చిల్లులున్న బిళ్ల వేసుకుంటే జంతికల గొట్టంతోనే పని జరిగిపోతుంది. పిండి మాత్రం పలక మీదికి చేసినదాని కంటే కొంచెం గట్టిగా ఉండాలి. లేకపోతే నొక్కకముందే కారిపోతుంది. రెండో పనిముట్టు కొబ్బరికోరు లాంటి చిల్లుల రేకు, దాని మీద ముందుకీ వెనక్కీ జరిగే చిన్న పెట్టె. పెట్టెలో పిండి పోసి జరుపుతుంటే బొట్లు రాలతాయి. క్నొప్ఫ్‌లె ఇలాగే వస్తుంది. పెద్ద చిల్లులున్న బూందీ గరిటె మీద పిండి పోసి చెంచాతో రాసినా అదే ఫలితం. దీనికి పిండి కాస్త పలుచగా ఉంటే మేలు. పనిముట్లతో చేసినవి ఒక్కలా వస్తాయి, త్వరగా అవుతాయి. ముగ్గురు పిల్లలు ఆకలితో కాచుకున్న ఇంట్లో అది చిన్న సుఖం కాదు. ఆదివారం తీరిగ్గా చేసుకునేటప్పుడు మాత్రం పలకే తీసుకోవాలి.

నీళ్లు విశాలమైన గిన్నెలో ఉండాలి, ఉప్పు ధారాళంగా పడాలి. పిండి వేశాక నీళ్లు ఒక్క క్షణం చల్లబడి మళ్లీ తెర్లుతాయి. పిండిలో చిక్కుకున్న గాలి వేడికి ఉబ్బి ముక్కను తేలిక చేస్తుంది, అప్పుడది పైకి తేలుతుంది. తేలాక అర నిమిషం ఆగి చిల్లుల గరిటెతో తీసెయ్యాలి. ఒక్కసారే పిండంతా వెయ్యడం చాలామంది చేసే పొరపాటు. ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని గడ్డ కడతాయి. పలకకొక వాయి చొప్పున దించుకోవాలి.

తీసిన వాటిని చన్నీళ్లలో వెయ్యాలా వద్దా అన్నది ష్వాబియా వంటిళ్లలో తెగని చర్చ. చన్నీళ్లలో వేస్తే ఉడకడం అక్కడే ఆగిపోతుంది, పోగులు విడివిడిగా ఉంటాయి. కానీ పైనున్న పిండిజిగురు కడిగేసినట్టవుతుంది. పులుసును పట్టి ఉంచేదీ, చీజ్‌ను అంటిపెట్టుకునేదీ ఆ జిగురే. వెంటనే తినేటట్టయితే కడగకుండా వేడివేడిగా వెన్నలో పొర్లించడమే మంచిది. సాయంత్రానికి దాచుకునేటట్టయితే చన్నీళ్ల బాట పట్టాలి.

ఇక దీన్ని దేనితో తినాలి? ష్వాబియా వాళ్లు తడి తిండి ఇష్టపడతారు. కంచంలో పులుసు మిగలకపోతే వాళ్లకు భోజనం చేసినట్టుండదు. ఈ ఒక్క విషయంలో తెలుగువాడు వాళ్ల పంక్తిలో సుఖంగా కూర్చోవచ్చు. ఆదివారం మధ్యాహ్నం వేయించిన మాంసం, దాని గోధుమరంగు పులుసు, ష్పెట్స్‌లె, పక్కన మాంసం రసంలో నానిన బంగాళదుంపల సలాడ్. పిండి పదార్థం మీద ఇంకో పిండి పదార్థమా అని బయటివాళ్లు అడుగుతారు. అక్కడ మాత్రం అవి రెండూ విడదీయరాని జంట. మాంసం ముక్కలు, బంగాళదుంపలు, ష్పెట్స్‌లె ఒకే గిన్నెలో వేసి రసంతో వండేది ‘గైస్‌బుర్గర్ మార్ష్’. గైస్‌బుర్గ్ స్టుట్‌గార్ట్‌లో ఒక పేట. ఈ వంట కోసం సైనికులు వరసకట్టి ఆ పేటకు నడిచి వచ్చేవాళ్లనీ, అందుకే పేరులో కవాతు చేరిందనీ చెప్పుకుంటారు.

మన మనసుకు ఇంకా దగ్గరగా వచ్చేది మాత్రం పప్పుతో తినే ష్పెట్స్‌లె.

‘లిన్‌జెన్ మిట్ ష్పెట్స్‌లె’ అంటే పప్పూ ష్పెట్స్‌లే. పక్కన సన్నటి సాసేజీలు కూడా ఉంటాయి. ష్వాబియా జాతీయ వంటకం ఏదంటే ఎక్కువమంది దీని పేరే చెబుతారు. పొట్టు తియ్యని, ఉడికినా ఆకారం చెదరని మసూర్ జాతి పప్పు వాడతారు. ఉల్లిపాయ, క్యారెట్, బిర్యానీ ఆకుతో ఉడికించి, వేయించిన పిండితో చిక్కబరచి, చివర్లో వెనిగర్ పోస్తారు. ముందే పోస్తే పప్పు ఉడకదు, పులుపు పప్పు పొట్టును మెత్తబడనివ్వదు. పప్పు మెదిగాకే చింతపండు పులుసు పొయ్యాలని తెలుగు ఇళ్లలో నేర్పేది కూడా ఇందుకే. వేల మైళ్ల దూరంలో రెండు వంటిళ్లు ఒకే రసాయన సూత్రాన్ని పొయ్యి దగ్గరే కనిపెట్టాయి. ఇంకో సంగతి కూడా ఉంది. గోధుమలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పులో ఎక్కువ. పప్పులో తక్కువైన మెథియోనిన్ గోధుమలో ఉంటుంది. మాంసం అరుదైన ఇళ్లలో ఈ జంట ఒంటికి బలమిచ్చింది. మన పప్పన్నం చేసిందీ ఆ పనే.

ఆ పప్పు కథ ఇక్కడ చెప్పుకోవాల్సిందే. ఆల్బ్ రాళ్లనేలలో ఒకప్పుడు ఈ పప్పు బాగా పండేది. మొక్క బలహీనంగా ఉంటుంది, తనంత తాను నిలబడలేదు. అందుకని ఓట్స్‌తోనో బార్లీతోనో కలిపి చల్లేవాళ్లు. పప్పు తీగ ఆ ధాన్యపు కాడను పట్టుకుని పైకి పాకేది. దిగుబడి తక్కువ, గింజలు వేరుచేసే చాకిరీ ఎక్కువ. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బయటి నుంచి చవక పప్పు వచ్చి పడేసరికి రైతులు సాగు మానేశారు. కొన్నేళ్లకు విత్తనం కూడా కనిపించకుండా పోయింది. జాతీయ వంటకం నిలిచింది గాని అందులోని పప్పు పరాయిదైపోయింది.

1980లలో లౌటెరాఖ్ అనే ఊరి రైతు వోల్డెమార్ మామెల్ పప్పు సాగు మళ్లీ మొదలుపెట్టాడు. విత్తనం మాత్రం ఫ్రాన్స్ రకానిది. పాత ఆల్బ్ పప్పు కోసం విత్తన నిల్వలన్నీ గాలించారు. 2006లో అది దొరికింది. దొరికిన చోటు రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్, వావిలోవ్ సంస్థ విత్తన భాండాగారం. ఆ సంస్థకు గుండె బరువెక్కే చరిత్ర ఉంది. 1941 నుంచి 1944 దాకా జర్మన్ సైన్యం ఆ నగరాన్ని ముట్టడించింది. అప్పుడు దాని పేరు లెనిన్‌గ్రాడ్. లక్షల మంది ఆకలితో చనిపోయారు. ఆ భాండాగారంలో టన్నుల కొద్దీ ధాన్యం, పప్పులు ఉన్నాయి. వాటికి కాపలా కాసిన శాస్త్రవేత్తలు ఒక్క గింజ ముట్టలేదు. కొందరు తమ బల్లల దగ్గరే ఆకలితో ప్రాణాలు వదిలారు. వరి విత్తనాల నిపుణుడు ద్మిత్రి ఇవానోవ్ వాళ్లలో ఒకడు. ఆయన పోయాక చూస్తే వేలాది వరి రకాల పొట్లాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. తమ నగరాన్ని ఆకలితో మాడ్చిన దేశపు పల్లె రైతులకు, అరవై ఏళ్లు దాటాక, ఆ సంస్థే గుప్పెడు పప్పుగింజలు ఇచ్చింది. అవి మొలిచాయి. వాటి నుంచి విత్తనం పెంచారు. ఆల్బ్ యాసలో పప్పును ‘లైజా’ అంటారు. ‘ఆల్బ్ లైజా’ పేరుతో ఆ పప్పు ఇప్పుడు దుకాణాల్లోకి వచ్చింది. ష్పెట్స్‌లె పక్కకు దాని పాత తోడు తిరిగొచ్చింది.

ఇలాంటి విత్తనం దొరకని మన వంటింట్లో పొట్టు తియ్యని గుండు మసూర్ బాగా పనిచేస్తుంది. పొట్టు తీసిన ఎర్ర మసూర్ వద్దు, అది ముద్దయిపోతుంది.

మాంసం తినని, గుడ్డు తినే ఇళ్లకు ఇంకో దారి ‘కేజె ష్పెట్స్‌లె’. ఇది ఆల్గాయ్ కొండల వైపు, ఆస్ట్రియాలోని ఫోరార్ల్‌బెర్గ్ వైపు రాజ్యమేలే వంట. పాడి ఎక్కువ, చలి ఎక్కువ ఉన్న ప్రాంతాలవి. వేడి చేసిన గిన్నెలో ఒక వరస ష్పెట్స్‌లె, దాని మీద తురిమిన కొండప్రాంతపు చీజ్, మళ్లీ ష్పెట్స్‌లె, మళ్లీ చీజ్. పైన ఎర్రగా వేగి కరకరలాడే ఉల్లిపాయ ముక్కలు. ముక్కలు తీసిన నీళ్లు రెండు చెంచాలు చల్లితే చీజ్ సాగుతుంది, గడ్డ కట్టదు. ఎమ్మెంటాల్, గ్రూయెర్ లాంటి బాగా మాగిన చీజ్ దీనికి ప్రాణం. మన దగ్గర డబ్బాలో వచ్చే ప్రాసెస్డ్ చీజ్ ఆ రుచి ఇవ్వలేదు. అది కరుగుతుందే గాని తీగలు సాగదు. మొజరెల్లాకు కాస్త మాగిన చెడ్డార్ కలిపితే దగ్గరకు వస్తుంది. పక్కనే ఉన్న చిన్న దేశం లీక్టెన్‌స్టైన్‌లోనూ ఇదే జాతీయ వంట. అక్కడ దీన్ని ఆపిల్ గుజ్జుతో తింటారు. ఉప్పన, పుల్లన, తీపి ఒకే ముద్దలో తగలడం మొదటిసారి వింతగా అనిపించవచ్చు. ఆవకాయ అన్నంలో బెల్లం ముక్క కొరికే అలవాటున్నవాళ్లు మాత్రం సులువుగా ఒప్పుకుంటారు.

ఆల్ప్స్ దాటి ఇటలీ సరిహద్దులోని సౌత్ టిరోల్‌కు వెళ్తే పిండిలో పాలకూర చేరి పచ్చటి ష్పెట్స్‌లె అవుతుంది. ఫ్రాన్స్‌లోని ఆల్సాస్‌లో, స్విట్జర్లాండ్‌లో పేరు కాస్త మారి దొరుకుతుంది. హంగరీలో మిరపపొడి వేసిన కోడికూరకు తోడుగా వచ్చే ‘నోకెడ్లి’ చూడగానే చుట్టరికం పట్టేయవచ్చు. 18వ శతాబ్దంలో ఊల్మ్ పట్టణం దగ్గర డాన్యూబ్ నదిలో చెక్కపడవలెక్కి హంగరీ దిగువ మైదానాలకు వలసపోయిన కుటుంబాలు వేలున్నాయి. వాళ్ల సామానులో వంట అలవాట్లూ ఉన్నాయి.

ఈ వంటకు ఒక ప్రాంతపు ముద్ర ఎంత బలంగా పడిందో తెలియడానికి 2013 జనవరిలో బెర్లిన్‌లో జరిగిన సంగతి చాలు. దానికి ముందు పార్లమెంటు ఉపసభాపతి వోల్ఫ్‌గాంగ్ థియర్జె ఒక మాట అన్నాడు. బెర్లిన్‌లో స్థిరపడిన ష్వాబియా వాళ్ల వల్ల బేకరీల్లో చిన్న రొట్టె పేరు కూడా వాళ్ల యాసలోకి మారిపోతోందని ఆయన బాధ. కొద్దిరోజులకు ప్రెంజ్‌లావర్ బెర్గ్ పేటలోని శిల్పి కేథె కొల్విట్జ్ విగ్రహం మీద ష్పెట్స్‌లె కుమ్మరించి ఉంది. దేశమంతా ఆ వార్త చదివింది. తిండి వృథా అయిందని నొచ్చుకున్నవాళ్లు ష్వాబియాలోనే ఎక్కువ ఉండాలి, వాళ్ల పొదుపు అలాంటిది.

ఆ పొదుపు వంటింట్లో మిగిలిన ష్పెట్స్‌లె దగ్గర కనిపిస్తుంది. అక్కడ కొలిచి వండటం అలవాటు లేదు, కావాలనే ఎక్కువ చేస్తారు. చల్లారిన పోగులను మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, మర్నాడు ఇనుప పెనం మీద వెన్న కరిగించి అందులో వేస్తారు. కదపకుండా రెండు మూడు నిమిషాలు వదిలితే అడుగు వైపు బంగారు రంగు తిరిగి కరకరలాడుతుంది. అప్పుడు ఒకసారి తిరగేసి, రెండు గుడ్లు కొట్టి పోసి, ఉల్లికాడలు సన్నగా తరిగి చల్లుతారు. గుడ్డు గట్టిపడేలోపు పెనం దించేసి, వెనిగర్ పోసిన ఆకుకూర సలాడ్‌తో అలాగే పెనంలోంచి తింటారు.